బిగుసుకున్న తలుపు

కండక్టరుకి వెల్డింగు పిచ్చి పట్టిందని ఆ వీధిలో అందరికీ తెలుసు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక మిగతా మగవాళ్ళు టీవీ ముందు కూలబడితే ఈయన నల్లద్దం ముసుగు తగిలించుకుని పెరట్లో కూచునేవాడు. చెప్పుల స్టాండూ, బట్టలారేసే స్టాండూ, ఒక కాలు పొట్టిదైపోయిన స్టూలూ అన్నీ ఆయన చేతి చలవే. "ఇంట్లో ఇంకా అతక్కుండా మిగిలింది నేనొక్కదాన్నే" అని భార్య దెప్పేది. అత్తగారు మాత్రం అల్లుడి పక్షం. ఆ కుంటి స్టూలు మీదే కూచుని, "ఉయ్యాల్లా ఉంది బాబూ, ఊరికే ఊగొచ్చు" అనేది.

ఆవిడ పడుకునేది వెనక గదిలో. ఇటుక గోడలు, పైన చిన్న వెంటిలేటరు, ఇనుప చట్రానికి ఇనుప తలుపు. చట్రంలో గొళ్ళెం వైపు గుంజ తుప్పు పట్టి వదులైపోయింది. కాస్త గాలి వీస్తే చాలు, తలుపు దడదడలాడేది. అసలే ఉబ్బసం మనిషి. పట్టక పట్టక పట్టిన కునుకు కాస్తా ఎగిరిపోయేది. అందుకే సెలవు రోజు మధ్యాహ్నం ఆ పనికి కూచున్నాడు.

"పొగ వస్తుంది అత్తయ్యా, కాసేపు ముందు గదిలో పడుకోండి."

"నా మంచం మీద తప్ప నాకు నిద్ర రాదు. నీ పని నువ్వు కానీ."

నిప్పురవ్వలు ఆవిడ మీద పడతాయని తలుపు దగ్గరగా లాగాడు. గుంజకి గోడ వైపు అంచు పొడుగునా ఒక ఇనుప పట్టీ ఆనించి, కింది నుంచి పైదాకా ఒక్క బిగిన అతుకు వేసుకుంటూ పోయాడు. మధ్యమధ్య ఆగాలని, చల్లారనిచ్చి అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా వెయ్యాలని ఆయనకి తెలియక కాదు. ఆ రోజు అతుకు వెన్నలా సాగుతోంది. చెయ్యి ఆపబుద్ధి కాలేదు.

ముసుగు తీసి, మురిసిపోతూ తలుపు తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి తోశాడు. ఊహూఁ. అప్పుడు చూశాడు. అతుకు చల్లారుతూ గోడ వైపు అంచుని కుదించేసింది. గుంజ విల్లులా వంగి, దాని పొట్ట తలుపు అంచు మీదకి పొడుచుకొచ్చింది. ఇందాకటి దాకా వేలు దూరే సందున్న చోట ఇప్పుడు కాయితం కూడా దూరదు.

లోపల దగ్గు మొదలైంది. గుంజకున్న పాత రంగు కాలి, ఆ పొగంతా సందుల్లోంచి గదిలోకే పోయింది.

"బాబూ... తలుపు తియ్యి."

"తీస్తున్నా అత్తయ్యా, ఒక్క నిమిషం."

గునపం దూర్చి పెకలించబోయాడు. తలుపు రేకు అప్పడంలా మడత పడింది తప్ప గుంజ చలించలేదు. కోత మిషను పెట్టాడు. రవ్వలూ ఇనప పొడీ లోపలికి చిమ్మాయి. దగ్గు కాస్తా ఈలలా మారింది. గొంతులోంచి గాలి బలవంతాన దూరుతున్న చప్పుడు. భయపడి మిషను ఆపేశాడు.

భార్య పరిగెత్తుకొచ్చింది. కుర్చీ ఎక్కి వెంటిలేటరులోంచి చూసి, "అమ్మా, ఇన్‌హేలర్ పీల్చు! తలగడ పక్కనే ఉంది చూడు!" అని అరిచింది. ఆవిడ పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఈల ఆగలేదు.

"ఏం చేశారండీ మీరు!" అంది భార్య, కుర్చీ మీంచే.

ఆయన ఎదురింటికి పరిగెత్తాడు. అక్కడ ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు ఉంటాడు. రాగి గొట్టాలు అతకడానికి అతని దగ్గర గ్యాసు టార్చి ఉంది. సంగతి విని మెకానిక్కు ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో సమ్మెట పట్టుకొచ్చాడు.

"గోడ పగలగొడదాం అన్నా."

"మంచం ఆ గోడకే ఆనించి ఉంది. ఇటుకలు ఆవిడ మీదే పడతాయి. టార్చి ఇలా ఇవ్వు."

"మళ్ళీ వేడా? వేడికి ఇనుము ఉబ్బుతుంది కదన్నా, ఇంకా బిగుసుకుంటుంది!"

"ముందు బిగుసుకుంటుంది. చల్లారేటప్పుడు కుదించుకుంటుంది. అటు అంచు కుదించుకునే కదా ఇలా వంగింది. ఇటు అంచూ కుదించుకుంటే గుంజ నిటారుగా వస్తుంది."

"వస్తుందా?"

"ఏమో. రావాలి."

భార్యని నీళ్ళూ గోనెసంచీ తెమ్మన్నాడు. గుంజ పొట్ట మీద సుద్దతో త్రికోణం గీశాడు. తలుపు వైపు వెడల్పు, గోడ వైపు మొన. ఆ గీత లోపల మంట పెట్టాడు. ఈసారి రంగు పొగ లోపలికి పోకుండా మెకానిక్కు తడిగుడ్డలు సందుల్లో కుక్కాడు. ఇనుము నల్లబడింది, తర్వాత మెల్లగా ఎర్రబడింది. కిర్రుమని తలుపు మూలిగింది. గుంజ ఇంకా ముందుకొచ్చి తలుపుని ఒత్తేసింది. రేకు మధ్యలో లొత్త పడింది.

"ఆపండి!" భార్య ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "అమ్మని చంపేస్తారా? ఆపండంటుంటే!"

ఆయన మంట తియ్యలేదు. రెండో చేత్తో మణికట్టు బిగించి పట్టుకుని మంటని సుద్ద గీత లోపలే నిలిపాడు. తను అనుకున్నది తప్పైతే, ఇంక ఆ తలుపు ఏనుగొచ్చి తోసినా రాదు. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు. లోపల ఈల సన్నబడుతోంది. సన్నబడటం మంచికి కాదని ముగ్గురికీ అర్థమైంది.

"అత్తయ్యా! మాట్లాడండి! నన్ను తిట్టండి!"

ఈల మధ్యమధ్య తెగిపోతోంది.

టార్చి పక్కకి తీశాడు. ఎరుపు పోయేదాకా ఆగాలి. ఆ కాస్సేపూ ఆయనకి గడవలేదు. భార్య తలుపుకి తల ఆనించి "అమ్మా, అమ్మా" అంటూనే ఉంది. ఎరుపు పోయి బూడిద రంగుకి రాగానే తడి గోనె కప్పి నీళ్ళు కుమ్మరించాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఏమీ జరగలేదు. మళ్ళీ పోశాడు. ఎక్కడో టిక్కుమంది. ఇంకోసారి టిక్కుమంది. సందులో కుక్కిన గుడ్డ దానంతటదే జారి కిందపడింది.

ముగ్గురూ కలిసి తోశారు. తలుపు గీసుకుంటూ సగం తెరుచుకుంది. ఆ సగంలోంచే భార్య దూరింది.

అత్తగారు మంచం కోడు పట్టుకుని నేల మీద కూచుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. కండక్టరు చంటిపిల్లనెత్తినట్టు ఎత్తుకుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. మెకానిక్కు అడ్డం పడి ఆటో ఆపాడు.

ఆసుపత్రిలో ఆవిడ మొహానికి మాస్కు పెట్టి లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద ఆ చివర భార్య, ఈ చివర భర్త. ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నర్సు మందు రాస్తానంటే "ముందు ఆవిడ సంగతి చెప్పండమ్మా" అన్నాడు. భార్య ఆయన వైపు తిరగనేలేదు.

బాగా పొద్దువాలాక లోపలికి రమ్మన్నారు. ఆవిడ పెదాలకి రంగు వచ్చింది. మాస్కు కొంచెం పక్కకి జరిపి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగింది.

"ఇంటికి... తాళం వేశారా?"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. తాళం మాట దేవుడెరుగు, వీధి తలుపు బార్లా తీసి వచ్చేశారు. భార్యకి నవ్వొచ్చింది. నవ్వుతూనే భోరుమంది. తల్లి చేతిలో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత తలెత్తకుండానే, "వెళ్ళి తాళం వేసి రండి. చేతులకి మందు రాయించుకుని వెళ్ళండి" అంది. మధ్యాహ్నం నుంచీ ఆయనతో అన్న మొదటి మంచి మాట అది.

"నేను..." అని ఏదో చెప్పబోయాడు అత్తగారితో.

"తర్వాత," అని ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి వీధి గుమ్మంలో మెకానిక్కు కూచుని ఉన్నాడు. ఇల్లు వదిలి వెళ్ళలేక అక్కడే కాపలా ఉండిపోయాడు, పాపం.

"ఎలా ఉంది అన్నా?"

కండక్టరు ఫరవాలేదన్నట్టు తల ఊపి, అతని పక్కనే గడప మీద కూలబడ్డాడు.