ఎర్ర అంకె

"ఆ ఎర్ర అంకె తీసెయ్" అన్నాడు వినోద్, పెనం మీది రొట్టె ఎప్పుడు కాలుతుందా అని చూస్తూ.

సరళ జొన్నపిండి చేతులతోనే మొగుడి వైపు తిరిగింది. సూర్యాపేటలో వినోద్‌ది డ్రోన్లతో పొలాలకు మందు కొట్టించే వ్యాపారం. ఆ డ్రోన్లను ఫోన్‌లో నుంచి నడిపే యాప్ రాసింది మాత్రం సరళ. కోదాడలో ఇంజనీరింగ్ చదివిన మనిషి వంటింట్లో కుట్టుమిషన్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని, కూర మాడకుండా ఒక కన్ను పొయ్యి మీద వేసి, ఎనిమిది నెలలు కూర్చుని రాసింది. జీతమా? ఇంటి ఆడదానికి జీతమేమిటి! రైతుల ముందు వినోద్ "మా టీం చేసింది" అంటాడు. ఆ టీం అప్పటికి అంట్లు తోముతూ ఉంటుంది.

యాప్‌లో పైన ఒక మూల ఆ అంకె ఉంటుంది. ఫోన్‌కు తగిలించిన రిమోట్‌కూ గాలిలోని డ్రోన్‌కూ మధ్య రేడియో లింకు ఎంత బాగుందో వందకు ఇంత అని చెబుతుంది. బాగుంటే పచ్చగా, నలభై కిందికి పడితే ఎర్రగా కనిపిస్తుంది. లింకు పూర్తిగా తెగిందంటే డ్రోన్ ఇక మన మాట వినదు. దారిలో ఏమున్నా చూడకుండా బయల్దేరిన చోటికి నేరుగా వచ్చేస్తుంది.

"రైతులు ఎరుపు సూస్తే బెదురుతుండ్రు. ఒక్క సెకను పడుతది, మళ్ల లేస్తది. గా ఒక్క సెకను కోసం ఆర్డర్లు పోగొట్టుకోవాల్నా? నిమిషం సరాసరి తీసి సూపియ్. ఎప్పుడు సూసినా పచ్చగుంటది."

"ప్రమాదం ఆ ఒక్క సెకనులోనే కదండీ. సరాసరి తీస్తే అది కనపడదు. ముందే కనపడితే డ్రోన్‌ను చేత్తో వెనక్కి తెచ్చుకోవచ్చు. నన్నడిగితే నిమిషంలో అన్నిటికన్నా కిందికి పడ్డ అంకే చూపించాలి."

"అండీ గిండీ అనుకుంట నాకే నేర్పుతున్నవా?"

చెంప మీద పడ్డ దెబ్బకు సరళ తల గోడలోని గూటి అంచుకు కొట్టుకుంది. చెవిలో హోరు. పెనం మీద రొట్టె మాడింది. మాడినందుకు ఇంకొకటి పడింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఆ సరాసరి లెక్కను యాప్‌లో రాసింది. ఎంతో పని కాదు, నాలుగు లైన్లు. తప్పని తెలిసి, భయపడి రాసింది. భయపడ్డ మాట దాచడమెందుకు, ముప్పై రెండేళ్ల మనిషి చిన్నపిల్లలా తలుపు వైపు చూసుకుంటూ రాసింది.

పది రోజులకు నేరేడుచర్ల దగ్గర వరికి మందు కొట్టే పని వచ్చింది. చార్జింగ్ పెట్టిన బ్యాటరీలూ అన్నం టిఫిన్ డబ్బా మోయడానికి సరళ కూడా వెళ్లింది. ఫోన్ వినోద్ చేతిలో ఉంది. చుట్టూ రైతులున్నారు. అంకె ఎనభై రెండు, పచ్చగా ఉంది. పొలం చివర తుమ్మచెట్ల అవతలికి పోయిన డ్రోన్ ఉన్నట్టుండి ఆగి, గిర్రున తిరిగి, నేరుగా వీళ్ల వైపు రావడం సరళ చూసింది. లింకు తెగిందని ఆమెకు అర్థమైంది. మధ్యలో కరెంటు తీగ ఉంది.

"అమ్మా, లేవండి! పక్కకు జరగండి!"

గట్టు మీద సద్ది తింటున్న కూలి వీరమ్మ తలెత్తేలోపే డ్రోన్ తీగకు తగిలి ఆమె మీద పడింది. రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మోచేయి నుంచి మణికట్టు దాకా చెయ్యి చీరేశాయి. సద్ది గిన్నెలో నెత్తురు, గట్టు మీద నెత్తురు, మడిలో నీళ్లు ఎర్రబారాయి. వినోద్ ఫోన్ వంకే చూస్తున్నాడు. అంకె డెబ్భై ఒకటి. ఇంకా పచ్చగానే ఉంది.

సరళ తన చున్నీతో ఆ చేతిని గట్టిగా కట్టి, ఆటోలో మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు. రెండు వేళ్లు మాత్రం ఇక వంగవన్నారు.

"ఫోన్ల అంత మంచిగనే ఉండె గదా బిడ్డా?" అని అడిగింది వీరమ్మ, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని. "నీ మొగడు అందరికీ సూపిచ్చిండు. మరి ఎట్ల పడ్డది?"

సరళ మందుల చీటీ తీసుకొని బయటికి నడిచింది.

ఇల్లు చేరగానే వినోద్ తలుపు గడియ పెట్టాడు. "నీ యాప్‌తోనే నా ఇజ్జత్ పోయింది!" అంటూ జుట్టు పట్టి కుట్టుమిషన్ దాకా ఈడ్చాడు. చార్జర్ వైరు మడిచి వీపు మీద కొట్టాడు. కింద పడితే కడుపులో తన్నాడు. ఆపుకోబోయిన చేతిని చెప్పుకాలితో తొక్కాడు. అలసిపోయాక నీళ్లు తాగి బయటికి వెళ్లాడు.

అప్పుడొచ్చింది అత్త నర్సమ్మ, గిన్నెలో పసుపు కలుపుకొని. ఇన్నేళ్లూ ఆమె వచ్చేది దెబ్బలయ్యాకే.

"రోజు కొడుతుండా ఏందే? నెలకొక్కపారి చెయ్యి లేస్తది. మిగిలిన దినాలు మంచిగ సూస్కుంటలేడా? చీరలు తెస్తలేడా? మొత్తం మీద నా కొడుకు మంచోడే."

మొత్తం మీద. సరళ పసుపు మంటకు పళ్లు బిగించి ఆ మాట మళ్లీ అనుకుంది. ఈ ఇల్లు ఏడేళ్లుగా తన ఒంటి మీద తీస్తున్న లెక్క ఇదే. కోదాడ నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా తనూ ఇదే తీసింది, "బాగానే ఉన్నానమ్మా" అని. చెడ్డ రోజును మంచి రోజుల్లో కలిపేస్తే ఏదీ కనపడదు. కనపడనందుకు వీరమ్మ వేళ్లు పోయాయి. సరళకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెనకే, చాలా కాలం తర్వాత, మంచి కోపం కూడా వచ్చింది.

తెల్లవారి వినోద్ ఇంకా పడుకునే ఉన్నాడు. వాచిన వేళ్లతో ఆమె ఆ నాలుగు లైన్లు చెరిపేసింది. నిమిషంలో అన్నిటికన్నా తక్కువ పడ్డ అంకె, తెరలో సగం నిండేంత పెద్దగా, నలభై కిందికి పడితే ఎర్రగా కనపడేలా రాసింది. యాప్ ఉన్న ఫోన్లన్నిటికీ దాన్ని పంపించింది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని, అత్త "యాడికే?" అంటున్నా ఆగకుండా పోలీస్ స్టేషన్‌కు నడిచింది.

కానిస్టేబుల్ ఉషారాణి ఆమె మొహం చూసి కుర్చీ జరిపింది. పెన్ను తీసింది. "కూసోమ్మా. ఎప్పుడు గిట్లనే కొడుతడా, ఎప్పుడన్న ఒకసారా? మొత్తం మీద మనిషి ఎసుంటోడు?"

"మొత్తం మీద అడగకండి మేడం. అన్నిటికన్నా చెడ్డ రోజు చెప్తాను, అది రాసుకోండి."

"ఏ దినం?"

"నేరేడుచర్లలో వీరమ్మ చెయ్యి తెగిన రోజు. అంతకు పది రోజుల ముందు నన్ను కొట్టి ఫోన్‌లో ఆ పచ్చ అంకె పెట్టించాడు. కొట్టింది ఆయన, పెట్టింది నేను. రెండూ రాసుకోండి."