నాలుగణాల కుళ్ళాయి

ఏజెంటు అచ్యుతరావు ఎవరినీ ‘ఏమే’ అని పిలవడు. పెదపాడు అవతల కాలవ గట్టు మీదున్న ఆ క్రైస్తవ పేటకి నెలకోసారి ఏలూరు నుంచి పడవలో వస్తాడు. ప్రార్థన మందిరం అరుగు మీద తెల్లదుప్పటి పరిపించుకుని కూర్చుంటాడు. పేట ఆడవాళ్ళు తాము అల్లిన చంటిపిల్లల లేసు కుళ్ళాయిలు ఒక్కొక్కరే ఆ దుప్పటి మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతారు.

ఆ రోజు మరియమ్మ వంతు వచ్చింది. ముసలిది. సూది గుచ్చీ గుచ్చీ చూపుడువేలు కొన మొద్దుబారిపోయింది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. ఆమె పెట్టిన పన్నెండు కుళ్ళాయిల్నీ అచ్యుతరావు తిప్పి తిప్పి చూశాడు.

“ఎంతిమ్మంటారమ్మా? మీరే చెప్పండి. నేనెప్పుడైనా కాదన్నానా?” అన్నాడు మెత్తగా.

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరికీ ఆ అడగడమూ తెలుసు, ఆ కొంగూ తెలుసు. పసిబిడ్డ తలకి పెట్టే వస్తువుకి ఆడదాని నోట వెల రాకూడదని ఆ పేటలో ఆచారం. వెల చెబితే ఆ నోటితోనే బిడ్డ ఆయుష్షు కొలిచినట్టని వాళ్ళ నమ్మకం. పూర్వం ఇరుగింట పురుడొస్తే బొంత కుట్టి ఇచ్చేవాళ్ళు. పుచ్చుకున్నవాళ్ళు ఇంత బియ్యమో ఒక కోడిపెట్టో వాకిట్లో పెట్టి వెళ్ళేవాళ్ళు. ఎంతని ఇచ్చినవాళ్ళూ అడగలేదు, పుచ్చుకున్నవాళ్ళూ చెప్పలేదు. అచ్యుతరావు ఆ ఆచారాన్ని వచ్చిన మొదటి ఏడే కనిపెట్టాడు. అప్పట్నుంచీ ప్రతి నెలా అడుగుతాడు. ఎవరూ చెప్పరు. తను ఇవ్వదలచుకున్నదే ఇస్తాడు.

“అయితే నా మాటేనన్న మాట. బజారు ఏం బాగోలేదమ్మా. ఈసారికి అర్ధణా చొప్పున సర్దుకోండి.”

కిందటి నెల అణా ఇచ్చాడు. ఒక్క కుళ్ళాయికి ఒకటిన్నర రోజు పడుతుంది. మరియమ్మ ఆరణాలు కొంగున ముడేసుకుని, తలుపు వార నుంచున్న కోడలు హన్నమ్మ పక్కకొచ్చి నుంచుంది. చంకలో పిల్లనెత్తుకున్న హన్నమ్మ అత్త మొహం వంక చూడలేక దుప్పటి వంక చూస్తూ ఉండిపోయింది.

హన్నమ్మకి ఇరవై రెండేళ్ళు. మాట తక్కువ. పెళ్ళికి ముందు పుట్టింటి ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివింది. మొగుడు యోసేపు తాడేపల్లిగూడెం రైసుమిల్లులో మూటలు మోస్తాడు. వడ్ల ధర పడిపోయిన ఆ ఏడు మిల్లు వారానికి రెండు రోజులు కూడా ఆడటం లేదు. ఆమె చంకలోది సలోమి, ఏడు నెలల పిల్ల.

ఆ పిల్ల తలకి ఇంతవరకూ కుళ్ళాయి లేదు. పేటలో ఏ పిల్లకీ లేదు. అల్లే కుళ్ళాయిని సొంత బిడ్డ తల మీద పెట్టి కొలత చూస్తే నూనె మరక అంటుతుంది, మరక పడితే అచ్యుతరావు విసిరికొడతాడు. అందుకని అక్కడి ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకు కూర్చుని, మోకాలి చిప్పకి తొడిగి కొలత చూసుకుంటారు. మోకాలికి సరిపోతే పురిటిబిడ్డ తలకి సరిపోయినట్టు. సాయంత్రం పూట ఏ అరుగు మీద చూసినా మోకాళ్ళకి తెల్లటి కుళ్ళాయిలు, పక్కనే ఎండకి మాడిన తలలతో పిల్లలు.

ఆ నెల దారంతో పాటు అచ్యుతరావు వేలెడంత గుడ్డముక్కలు కొన్ని ఇచ్చాడు. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉన్నాయి. సీమ దుకాణం వాళ్ళు కుళ్ళాయి లోపల కుట్టించమన్నారని చెప్పాడు. ఆడవాళ్ళు కుట్టడం మొదలుపెట్టారు. హన్నమ్మ కూడా రెండు కుట్టింది. మూడోది కుడుతూ ఆగిపోయింది. ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆమెకి రావు. కానీ అంకెలు వచ్చు. రెండు, పక్కన గీత, ఆ పక్కన ఆరు.

మర్నాడు బడి వదిలాక మేష్టారు ఎలీయాజరు గారికి ఆ ముక్క చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒకసారి చదివి, ఇంకోసారి చదివి, నల్లబల్ల మీద లెక్క వేశాడు.

“రెండు షిల్లింగుల ఆరు పెన్నీలమ్మా. మన లెక్కలో రూపాయి పది అణాల పైచిలుకు.”

“ఎన్నిటికండి? డజనుకా?”

“ఒక్కదానికి.”

హన్నమ్మ బల్ల వంక చూస్తూ నుంచుంది. నోటితో వెల చెప్పకూడదని ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఇప్పుడు అదే వెలని తమ చేతులతో, తమ సూదులతో కుళ్ళాయి కుళ్ళాయికీ కుడుతున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బడిలో మీటింగు పెట్టుకున్నారు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. కొల్లేటి ఒడ్డు నుంచి నూకరత్నాన్ని హన్నమ్మే దోనెలో వెళ్ళి పిలుచుకొచ్చింది. వేట సాగని నెలల్లో అక్కడి బెస్త ఆడవాళ్ళు కూడా ఈ లేసు పని నేర్చుకున్నారు. పేటవాళ్ళు పని మానితే అచ్యుతరావు నేరుగా కొల్లేటికే వెళతాడని అందరికీ తెలుసు.

మేష్టారు లెక్క చెప్పాడు. చాలాసేపు ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఏడ్చినవాళ్ళు కొందరు, మేష్టారినే తిట్టినవాళ్ళు కొందరు. నాలుగణాలైనా అడగాలని హన్నమ్మ అన్నప్పుడు గది రెండుగా చీలింది. వెల అడగడం న్యాయమే, కానీ అది మన నోటంట ఎలా వస్తుందని మరియమ్మ అడిగింది. మేష్టారిని చెప్పమందామని ఒకరు, కాగితం మీద రాసిద్దామని ఇంకొకరు. అప్పుడు నూకరత్నం నవ్వింది.

“చేపకి కేకేసి మరీ వెల చెబుతాం, చెప్పకపోతే గంప ఖాళీ అయిపోద్ది. మీ దగ్గర లేసుతో పాటు ఈ నోరు మూసుకోవడం కూడా నేర్చుకున్నాం కదే వదినా. పని నేర్పినోళ్ళు మీరే కదా, అది కూడా అందులో కుట్టే అనుకున్నాం.”

గదంతా నవ్వారు. మరియమ్మ నవ్వలేదు. అయినా మీటింగు ఒక మాట మీదకొచ్చింది. ఎవరూ విడిగా అమ్మకూడదు. అందరిదీ ఒకటే వెల. ఆ వెల నోటితోనే చెప్పాలి. మొదట ఎవరు చెప్పాలన్నప్పుడు ఎవరూ లేవలేదు. ఒళ్ళో సలోమి నిద్రపోతోంది. దాన్ని చూసుకుని, తనే చెబుతానని హన్నమ్మ అంది.

పై నెల అచ్యుతరావు దుప్పటి పరిచి ఎప్పటిలాగే అడిగాడు. హన్నమ్మ వెనక్కి జరగలేదు.

“నాలుగణాలండి. ఒక్కోటీ.”

ఆమె వెనక ముప్పై ఏడు గొంతుకలు, గుసగుసగానే అయినా, అదే మాట అన్నాయి. అచ్యుతరావు మొహంలో కోపం కనపడలేదు. హన్నమ్మ చంకలోని పిల్ల బుగ్గ మీద వేలితో తట్టాడు.

“బిడ్డని ఎత్తుకుని మరీ చెబుతున్నావా తల్లీ. పెద్దవాళ్ళెవరూ చెప్పలేదా నీకు?”

దుప్పటి దులిపి మడిచి పడవెక్కాడు. ఆ నెల పేటకి దారం రాలేదు. కొల్లేటికి పంపాడు గానీ, నూకరత్నం వాళ్ళు ఆ కండెల్ని అదే పడవలో తిప్పి పంపేశారు. అల్లిన కుళ్ళాయిలు ఇళ్ళల్లో మూటలు కట్టి అలాగే ఉన్నాయి. ఆరు వారాలు గడిచాయి. వానలు ముంచుకొచ్చాయి. ఊడ్పుల కూలి కూడా సగానికి పడిపోయింది. హన్నమ్మకి పాలు తగ్గిపోయాయి. గంజి తేటే పిల్లకి పట్టింది.

సలోమికి జ్వరం తగిలింది. వెంటనే విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు పొద్దున్నే యోసేపు పడవ మాట్లాడాడు, ఏలూరు ఆసుపత్రికి. దారి పొడుగునా పిల్ల తల్లి మొహంలోకి చూస్తూనే ఉంది, ఏడవలేదు. లాకు దగ్గర నీళ్ళు నిండేదాకా పడవ ఆగింది. తలుపులు తెరుచుకునేటప్పటికి ఆ చూపు అలాగే ఉంది గానీ, అందులో పిల్ల లేదు.

పడవ వెనక్కి తిరిగింది.

పేటలో ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట ప్రతి ఇంటి చూరు కిందా తిరిగింది. చివరికి మరియమ్మే అంది, కోడలి పక్కన నేల మీద కూలబడి. “వద్దన్నానమ్మా. నీ నోటితో నువ్వే...”

ఆ మాట నిజమేమోనని హన్నమ్మకీ భయం వేసింది. లేచి మూట విప్పింది. ఇరవై కుళ్ళాయిల్లోంచి ఒకటి తీసి, లోపలి గుడ్డముక్క పళ్ళతో పీకి పారేసింది. చల్లబడిన ఆ చిన్న తలకి తొడిగింది. కాస్త బిగువుగా ఉంది. మోకాలి కొలత పురిటిబిడ్డది. సలోమి ఎదిగింది. ఎంత ఎదిగిందో తల్లికి అప్పుడే తెలిసింది.

పాతిపెట్టిన నాలుగోనాడు అచ్యుతరావు వచ్చాడు. అదే అరుగు, అదే దుప్పటి. బిడ్డ పోయిన సంగతి విన్నానని, చాలా బాధపడ్డానని చెప్పాడు. అందుకే పెద్దలు కొన్ని మాటలు అనవద్దన్నారని కూడా చెప్పాడు. ఆడవాళ్ళు తలలు వంచుకుని మూటలు ఒక్కొక్కటే తెచ్చి పెట్టారు. ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు. హన్నమ్మ మూట అతను తనే విప్పి చూశాడు.

“పంతొమ్మిదే ఉన్నాయే. ఇరవైకి దారం ఇచ్చాను, ఇంకొకటేదమ్మా?”

“సలోమి తలకి ఉందండి.”

అచ్యుతరావు ఆ పంతొమ్మిదినీ మళ్ళీ లెక్కపెట్టాడు. ఆ మాట అతనికీ తగిలిందేమో తెలియదు. కానీ తర్వాత నెమ్మదిగా, ఎప్పటంత మెత్తగానే అన్నాడు.

“ఎంతయినా దారం నాది కదమ్మా.”

అరుగు కింద ఎవరో ఊపిరి ఎగబీల్చారు. హన్నమ్మ అతని వంక చూడలేదు. అత్త వంక తిరిగింది.

“అత్తా, మీకు నా మొగుడికి ముందు పుట్టినవాళ్ళు ఇద్దరు పోయారు కదా. అప్పుడు మీరేం వెల చెప్పారండీ?”

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నూకరత్నం వదినా, నీకు?”

“ముగ్గురు,” అంది, పిల్ల పోయిందని విని కొల్లేటి నుంచి వచ్చి ఆ గుంపులో నుంచున్న నూకరత్నం. “నేనేం చెప్పలేదు. నాకు లేసే రాదప్పటికి.”

“వెల చెప్పినందుకు నా పిల్ల పోలేదండి. ఇన్నేళ్ళూ చెప్పనందుకు పోయింది. నా చన్నులో పాలు లేక పోయింది. మీ అందరి పిల్లలూ అందుకే పోయారు.”

అప్పుడు జనంలోంచి ఒక గొంతుక ‘నాకొకడు’ అంది. ఇంకొకరు ఇద్దరన్నారు. ఎప్పుడూ పైకి అనని పేర్లు బయటికొచ్చాయి. కొందరు పిల్లలకి పేరు పెట్టేవరకూ కూడా ఆయుష్షు లేకపోయింది. వాళ్ళ తల్లులు ‘పేరు లేదు’ అనే చెప్పారు. అచ్యుతరావు దుప్పటి కొసలు మడవబోయాడు. ఈలోపే మరియమ్మ వంగి, మసక కళ్ళతో తడుముకుంటూ తన మూట తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

“నాలుగణాలండి,” అంది.

ఒక్కొక్కరూ వచ్చి తమ మూట తీసుకున్నారు, ఆ మాటే చెప్పి. ఈసారి ఎవరూ గుసగుసలాడలేదు. దుప్పటి మీద ఏమీ మిగలలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఏజెంటుగారి దారం దొంగిలించిందని హన్నమ్మ మీద ఫిర్యాదు. యోసేపు అడ్డం వస్తే తోసేశారు. ఆమె చెయ్యి విడిపించుకోలేదు, ఏడవలేదు. సలోమిని పాతిన దిబ్బ దాటేటప్పుడు మాత్రం ఒకసారి ఆగింది. కానిస్టేబులు కూడా ఆగాడు.

కాలవ గట్టంట ఆమె వెనక పేట ఆడవాళ్ళంతా నడిచారు. కొల్లేటి వైపు నుంచి దోనెలు వచ్చి కలిశాయి. స్టేషను ముందు తడి నేల మీద అందరూ కూర్చున్నారు, కాళ్ళు ముడుచుకుని. మరియమ్మ మూటలోంచి ఒక కుళ్ళాయి తీసి మోకాలికి తొడిగింది. కొలతకి కాదు. ఆమెని చూసి పక్కావిడ, ఆవిడని చూసి ఇంకో ఆవిడ. చూస్తుండగానే స్టేషను ముందు వాన తుంపరలో యాభై అరవై చిన్న తెల్లటి తలలు లేచాయి. వాటి మీద తల్లులు చేతులు ఆనించి కూర్చున్నారు.

హెడ్డు కానిస్టేబులు వరండాలోకి వచ్చి, ఆ తలల వంక చూసి, అడగబోయింది మరచిపోయినట్టు నుంచున్నాడు. చివరికి ఇవన్నీ ఎవరివని అడిగాడు.

“మావేనండి,” అంది మరియమ్మ. “లోపలున్న మా కోడలిదొకటి మట్టిలో ఉంది. దాని వెల కూడా నాలుగణాలే.”