తినిపెట్టడం

మా డిపార్ట్‌మెంటు హెడ్డుని పిల్లలు అర్జంటుగారు అంటారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇన్నేళ్ళలో ఆయన నాకు ఒక్క పని కూడా చెప్పలేదు. "కాస్త చూసిపెట్టండమ్మా" అన్నారు, అంతే. పని అంటే దానికి జీతం ఉంటుంది, చూసిపెట్టడానికేముంటుంది?

కాలేజీలో నాది రాత గది. లైబ్రరీ మెట్ల కింద ఉంటుంది. పిల్లలు తమ వ్యాసాలూ ప్రాజెక్టు రిపోర్టులూ తెచ్చుకుంటే, పక్కన కూర్చోబెట్టుకుని మాట ఎక్కడ దారి తప్పిందో చూపించాలి. నేను రాసివ్వకూడదు, వాళ్ళ చేతే రాయించాలి, అదీ రూలు. గంటల లెక్కన జీతం. సెలవుల్లో గంటలుండవు, కాబట్టి జీతమూ ఉండదు. ఇన్నాళ్ళకి ఆ గదికి పర్మనెంటు పోస్టు వచ్చింది. ఇక్కడ ఏం చేశానో నా మాటల్లో ఒక పేజీ రాసి, ఇవాళ ఆఫీసు మూసేలోగా ఇచ్చెయ్యాలి. పరీక్షలయిపోయి కాలేజీ నిశ్శబ్దంగా ఉంటుందని ఈ రోజు కోసమే అట్టిపెట్టుకున్నాను. ఇంట్లో కుదరదు. నేను కూర్చున్నానంటే చాలు, ఎవరికో ఏదో కావాలని గుర్తొస్తుంది.

పోస్టు సంగతి చెబితే మావారు వద్దనలేదు. ఆయన ఎప్పుడూ ఏదీ వద్దనరు. పర్మనెంటంటే సాయంత్రం దాకా ఉండాలేమో, ఆలోచించుకో అని పేపరు తిప్పారు. మా ఇంట్లో ఆలోచించుకోవడం అంటే మానుకోవడం. అత్తగారు ఇంకొంచెం ప్రేమగా, ఇప్పుడేం తక్కువైందమ్మా, పొద్దున వంటయ్యాక వెళ్ళి పిల్లలొచ్చే వేళకి వచ్చేస్తున్నావు, ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికుంది అంది. ఇంట్లో చేసేది పని కాదు, ఇక్కడ చేసేది ఉద్యోగం కాదు, మరి ఈ నడుం నొప్పి ఎక్కణ్ణించి వచ్చిందో డాక్టరుకీ అంతుపట్టలేదు.

తెల్ల కాగితం మీద 'నేను' అని రాశానో లేదో అర్జంటుగారు తలుపు తోసుకుని వచ్చారు. చేతిలో మైకు మాస్టారి అప్లికేషను. మైకు అందితే ఎవరికీ తిరిగివ్వడని ఆయనకా పేరు. మా డిపార్ట్‌మెంటులోనే పార్ట్‌టైము పాఠాలు చెబుతాడు. అప్లికేషను ఇదే పోస్టుకి. "భాష కాస్త అటూ ఇటూగా ఉంది. చూసిపెట్టండమ్మా, ఆఫీసు మూసేలోగా నేనొచ్చి తీసుకెళ్తా." నేనూ పెడుతున్నానండీ అని గొంతు దాకా వచ్చింది. ఇల్లూ పిల్లలూ ఉన్నవారు మీరెలాగూ పెట్టరు కదా అని ఆయనే ప్రశ్నా జవాబూ కానిచ్చుకుని వెళ్ళిపోయారు.

నా చెయ్యి సంగతి నాకు తెలుసు. తప్పు కనిపిస్తే పెన్సిలు ఆగదు. 'విద్యార్థుల యొక్క అభివృద్ధి యొక్క నిమిత్తమై' అని ఉంది. రెండు యొక్కలూ కొట్టేశాను. పేజీలో సగానికి వచ్చాక, 'రాత గదిని తీర్చిదిద్దినది నేనే' అని కనిపించింది. ఈ గడప ఆయన తొక్కింది లేదు. వాక్యంలో మాత్రం ఒక్క తప్పూ లేదు. సరిగ్గా ఉందని టిక్కు పెట్టి కింది వరసకి పోయాను. ఏం చేశానో అర్థమయ్యేలోపు మావారి ఫోను. ఖాళీగానే ఉన్నావుగా, వచ్చేటప్పుడు ఇస్త్రీ చొక్కాలు తెచ్చిపెట్టు అని.

మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళింట్లో వేరే భాష మాట్లాడతారు. తెలుగు తను స్నేహితురాళ్ళ నోటినుంచి పట్టుకుంది. కాలేజీ పత్రికకని ఇంటి గురించి వ్యాసం తెచ్చింది. 'మా అమ్మ అందరికీ వండిపెడుతుంది, ఉతికిపెడుతుంది, అందరూ తిన్నాక మిగిలింది తినిపెడుతుంది' అని రాసింది.

నాకు నవ్వొచ్చింది. "తినిపెట్టడం అని ఉండదమ్మా. ఇంకొకళ్ళ కోసం చేస్తేనే పెట్టడం. వండిపెట్టొచ్చు, రాసిపెట్టొచ్చు. తినడం మాత్రం ఎవరికి వాళ్ళే."

ఆ పిల్ల వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. "మా అమ్మ తన కోసం తినదు మేడమ్. పారెయ్యకూడదని తింటుంది. మిగిలింది నువ్వు కానిచ్చెయ్ అంటారు మా నాన్న. అది పెట్టడం కాదా?"

"ఆకలేసి తినదా?"

"తనకెప్పుడు ఆకలేస్తుందో మాకు తెలీదు మేడమ్." పెన్ను పట్టుకుని అడిగింది. "తన కోసం చేస్తే ఏమనాలి?"

'పెట్టు' బదులు 'కో' చేర్చాలి అన్నాను. వండుకోవడం, కొనుక్కోవడం, రాసుకోవడం. ఆ చివరి మాట దగ్గర నోరు తడబడింది. ఇన్ని వేల కాగితాలు నా చేతిమీదుగా పోయాయి, ఆ మాట నా గురించి ఎన్నడూ వాడలేదు. తినిపెడుతుంది అన్నది కొట్టెయ్యకు, అలాగే ఉంచు అని చెప్పి పంపాను.

తలుపు గడియపెట్టి రబ్బరు తీశాను. మైకు మాస్టారి కాగితం మీది నా గీతలన్నీ చెరిపాను. ఆయన యొక్కలు రెండూ ఆయనకొచ్చేశాయి. టిక్కు చెరపడానికి మాత్రం గట్టిగా రుద్దాల్సొచ్చింది. ఆ తర్వాత నా పేజీ మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ఎక్కడికక్కడ 'మా హెడ్డుగారి ప్రోత్సాహంతో', 'మావారి సహకారంతో' అని వస్తుంటే కొట్టేసుకుంటూ రాశాను. కొట్టేశాక మిగిలిందంతా నేనే. ఇంత ఉన్నానా అనిపించింది. మధ్యలో ఫోను రెండుసార్లు మోగి దానంతటదే ఊరుకుంది.

అర్జంటుగారు వచ్చి తలుపు కొడితే గడియ తీశాను. మైకు మాస్టారి కాగితం ఇస్తే తిరగేసి, ఇందులో మీరేమీ దిద్దలేదే అన్నారు. ఆయన రాసుకున్నదే కదండీ, ఆయన్నే దిద్దుకోమనండి అన్నాను. అప్పుడు బల్లమీద ఉన్న నా పేజీ చూశారు. చేతిలోకి తీసుకున్నారు. చివరిదాకా చదివారు.

"బావుందే. ఎవరు రాసిపెట్టారమ్మా? మీవారా?"

"మీ తర్వాత చదివేవాళ్ళు కూడా అదే అడుగుతారండీ. అందుకే కింద సంతకం పెట్టాను."

ఆయన రెండు కాగితాలూ కలిపి మడిచారు. "సరే, నేను అటే వెళ్తున్నా. ఆఫీసులో ఇచ్చిపెడతాలెండి."

నాది అందులోంచి లాగి, మడత విప్పాను.

"వద్దండీ. ఇచ్చుకుంటాను."