మోతీలాల్ మెమరీ కార్డు

షట్టరు సగమే ఎత్తి, కింద నుంచి వంగి లోపలికి దూరి, మోతీలాల్ ముందుగా తన స్టూలు దులుపుకున్నాడు. మిర్యాలగూడ బస్టాండు ఎదుట ఈ సెల్ షాపులో అతనికిది ఇరవై ఎనిమిదో ఏడు. పొట్టి మనిషి, బట్టతల. కుడి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచాడు. ఫోన్ల మూతలు దానితోనే విప్పుతాడు.

మొదట్లో క్యాసెట్లలో పాటలు నింపాడు, తర్వాత మెమరీ కార్డుల్లో. ఇప్పుడు పాటల కోసం ఎవరూ రారు. అయినా ప్లేస్టోర్‌లో దొరకనిది మోతీలాల్ కార్డులో ఉంటుందని వేములపల్లి దాకా పేరుంది. అబద్ధం చేతకాని మనిషనీ పేరుంది. వేసే డిస్‌ప్లే నకిలీదైతే అడక్కముందే చెప్పేస్తాడు. యజమాని శంకర్ తల పట్టుకోని రోజు లేదు.

పదింటికి కానిస్టేబుల్ ఒక కాగితం తెచ్చాడు. మూడోవాడు చదవకుండా మెసేజ్‌లకు తాళం వేసే యాప్‌లు కొన్నిటిని సర్కారు ప్లేస్టోర్ నుంచి తీయించింది. షాపుల్లోనూ ఎక్కించకూడదు. ఉన్నవి చెరిపేశామని సంతకం పెట్టాలి.

"పొద్దుగూకంగ వస్త. అంతా తుడిసి సంతకం జేసి పెట్టు," అన్నాడు.

అతను వెళ్లగానే రైస్ మిల్లులో పనిచేసే మంజుల వచ్చింది. జుట్టు నిండా తవుడు. గాజు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టింది.

"అన్నా, గీ పాతదాంట్ల ఆ తాళమేసే యాప్ ఎక్కియ్యి. ఏడా దొరుకుతలే."

"నీ ఫోనుండంగ ఇదెందుకు?"

"దాంట్ల ఏం రాసినా మాయన సూస్తడు. నేనేడున్ననో గూడ దాంట్లనే తెలుస్తది. కోదాడల ఉండే మా అక్క సూర్యాపేట హాస్టల్ల వంటపని మాట్లాడింది. ఏ బస్సెక్కాల్నో ఇయ్యాల జెప్తది. ఆయన కంట వడితే నన్ను బతకనియ్యడు."

ఆమె మోచేతి మీది కమిలిన గుర్తు చూసి మోతీలాల్ తల దించుకున్నాడు. భయమేసింది. ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకో స్టూలు ఎవరిస్తారు? కానీ సంతకం ఇంకా పెట్టలేదు. కార్డు తీసి యాప్ ఎక్కించాడు.

"నా ఫోను గీడనే ఉండనియ్యి. మాయన అడిగితే రిపేర్‌కిచ్చిందని జెప్పు."

"ఖరాబు గాందాన్ని అయిందని ఎట్ల జెప్పాలమ్మా?"

ఆమె ఆ ఫోనును అతని వైపు జరిపింది. అక్క మెసేజ్ వచ్చేదాకా బెంచీ మీదే కూర్చుంది. చదివింది, కాసేపటికి అది దానంతటదే చెరిగిపోయింది. ఒంటిగంట సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇటు చూడకుండానే వెళ్లిపోయింది.

మోతీలాల్ కార్డు మొత్తం తుడిచేశాడు. ఆ తర్వాతే సంతకం పెట్టాడు. తర్వాత మంజుల ఫోను అందుకుని, గోటితో మూత విప్పి, నిక్షేపంలాంటి డిస్‌ప్లేని ఊడదీసి పక్కన పెట్టాడు.

మూడింటికి ఆమె భర్త మహేందర్ బండి దిగాడు.

"మా ఆమె ఫోను గీ షాపుల్నే ఉన్నట్టు సూపిస్తుంది."

"అవ్. డిస్‌ప్లే ఊడింది, సూడు. రెండు దినాలైతది."

"మిల్లుల లేదన్నరు. ఏడికి వోయింది?"

దీనికి మోతీలాల్ ఏమీ సిద్ధం చేసుకోలేదు.

"మఠంపల్లి చర్చిల మొక్కుందట."

మహేందర్ బండి అటు తిప్పాడు, సూర్యాపేట దారి కాదది. ఆ చప్పుడు వినబడకుండా పోయేదాకా మోతీలాల్ చేతులు బల్ల కిందే దాచుకున్నాడు.

రిపేరు డబ్బాలో, డిస్‌ప్లే లేని మంజుల ఫోను తాను మిర్యాలగూడ బస్టాండు దగ్గరే ఉన్నానని ఇంకా చెబుతూనే ఉంది.