ఉడుత రాసిచ్చిన దస్తావేజు

ముప్ఫై ఆరేళ్లపాటు పొదిలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసిన శేషాచలం గారికి, ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన ఏడాదికల్లా చేతిలో పని లేకుండా పోయింది. పని పోయినా రాసే చెయ్యి ఊరుకోదు కదా. పాలవాడికి చీటీ రాసినా "కీర్తిశేషులు వెంకటప్పయ్య గారి కుమారుడు, స్వగ్రామ కాపురస్తుడు" అని మొదలుపెట్టేవారు. భార్య రాజరాజేశ్వరి గారు నెల రోజులు ఓపిక పట్టి, ఒకరోజు పొద్దున్నే కళ్లజోడు చేతిసంచీలో వేసి ఆయన చేతికిచ్చారు.

"అంగన్‌వాడీ పిల్లలకి కథలు చదివి వినిపించడానికి చదువుకున్నవాళ్లు ఎవరైనా రావాలని టీచరు కోటిరత్నం ఊరంతా అడుగుతోంది. వెళ్లి రండి."

"మూడేళ్ల పిల్లలకి నేనేం చదువుతానే?"

"పుస్తకంలో ఉన్నది చదవండి. మీరేమీ కలపకండి."

అంగన్‌వాడీలో పదిహేడు మంది పిల్లలు చాపల మీద తుమ్ముతూ కూర్చున్నారు. మిరపకోతల రోజులు. పక్క కల్లంలో ఆరబోసిన కాయల ఘాటు కిటికీలోంచి లోపలికి వస్తోంది. శేషాచలం గారు కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదివారు.

"ఒక ఊళ్లో ఒక ఉడుత ఉండేది."

చదివి ఆగిపోయారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. వాక్యం మారలేదు.

"ఏమ్మా కోటిరత్నం, ఏ ఊరో లేదు, తండ్రి పేరు లేదు, వయసు లేదు. రేప్పొద్దున ఇంకో ఉడుత వచ్చి ఆ ఉడుతని నేనే అంటే ఏం చేస్తావు?"

కోటిరత్నం నిజంగానే కాసేపు ఆలోచించింది. "ఏం చెయ్యగలనండీ," అంది.

"అదే మరి!" అని ఆయన జేబులోంచి కలం తీసి పుస్తకంలోనే సరిచేశారు. తర్వాత ఆఫీసులో కక్షిదారులకి చదివి వినిపించే గొంతుతో, సాగదీసి చదివారు. "ప్రకాశం జిల్లా, పొదిలి సబ్ రిజిస్ట్రేషను పరిధిలో, వాగొడ్డు వేపచెట్టు మూడో కొమ్మ కాపురస్తుడు, కీర్తిశేషులు పెద్ద ఉడుత గారి కుమారుడు, సుమారు రెండు సంవత్సరముల వయస్సు గల చిన్న ఉడుత గారు..."

పిల్లలు తుమ్మడం మానేశారు. ఉడుతని అంత మర్యాదగా పిలవడం వాళ్లెప్పుడూ వినలేదు. ముందు వరసలో కూర్చున్న నాలుగేళ్ల ఆశ్రిత, "మళ్లీ," అంది. ఆ రోజు ఆ వాక్యం తొమ్మిదిసార్లు చదవాల్సి వచ్చింది. రెండో వాక్యం మర్నాటికి వాయిదా పడింది.

వారం తిరిగేసరికి పిల్లల తీరే మారిపోయింది. చాప మీద చోటు కోసం కొట్టుకునేవాళ్లు కాస్తా, "నాకు తూర్పు హద్దు నువ్వు, పడమర హద్దు గోడ," అని చెప్పుకుని కూర్చునేవారు. ఆశ్రిత ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "పెట్టేవారి తండ్రి పేరు?" అని అడిగితే, వాళ్లమ్మ ముందు నవ్వి, తర్వాత విసుక్కుని, చివరికి చెప్పి పెట్టింది.

ఎనిమిదో రోజు కథలో ఉడుత తన రేగుపండు కాకికి ఇచ్చింది. పుస్తకంలో "ఇచ్చింది" అని ఒక్క ముక్కతో తేల్చేశారు. శేషాచలం గారికి ఒళ్లు మండింది.

"నోటిమాటగా ఇస్తే చెల్లుతుందర్రా?"

"చెల్లదు!" అని పదిహేడు గొంతులూ అరిచాయి.

అప్పటికప్పుడు తెల్ల కాగితం మీద దానపత్రం రాశారు. రేగుపండు చెక్కుబందీ కూడా రాశారు: తూర్పున ఆకు, పడమర ముల్లు, ఉత్తరాన కొమ్మ, దక్షిణాన ఆకాశం. అంతా చెవులారా విన్నవాళ్లే కనుక పదిహేడు మందీ సాక్షులన్నారు. సంచీలోంచి ఇంకు ప్యాడు తీసి, పేరు పేరునా పిలిచి, వేలిముద్రలు వేయించుకున్నారు.

సాయంత్రం మిరపకోత నుంచి వచ్చిన తల్లులకి పిల్లల బొటనవేళ్లు నీలంగా కనిపించాయి.

"ఏందే ఇది?" అంది ఆశ్రిత తల్లి.

"వేలిముద్ర ఏశా."

"దేని మీద?"

"కాయితం మీద. ఇచ్చేశాం. సర్వహక్కులతో. ఇక మాకు గానీ మా వారసులకు గానీ ఏ తగాదా లేదు."

ఆ తల్లి కూతుర్ని తండ్రి దగ్గరికి లాక్కెళ్లింది. ఇంటింటా ఇదే మాట. పొద్దు వాలకముందే ఊరు ఊరంతా శేషాచలం గారి వాకిట్లో ఉంది. అందరికంటే ముందు ఆశ్రిత తండ్రి యలమందయ్య, కూతుర్ని చంకనేసుకుని.

"పంతులుగారూ, మా పిల్లలు మీకేం రాసిచ్చారో బయటపెట్టండి!"

"నాకెందుకు రాస్తారయ్యా? రేగుపండు."

వెనకున్నవాళ్లకి సరిగ్గా వినపడలేదు. "రేగడిచేనంట! రేగడిచేను రాయించుకున్నాడంట!" అని కేకలు లేచాయి. నల్లరేగడిలో పత్తి వేసినవాళ్లంతా ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు.

శేషాచలం గారు చెయ్యెత్తి, కాగితం తెచ్చి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. విన్న తర్వాత జాన్ బాషా అనే రైతు గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ పంతులుగారూ, ఆ కాకి ఎవరికి బినామీ?"

"అవును, కాకి ఎవురు?" అన్నారు నలుగురు.

"కాకైతే ఏంది, గద్దైతే ఏంది! అదంతా నాకు తెలవదు, రద్దు చెయ్యండి," అన్నాడు యలమందయ్య.

గొడవెందుకని శేషాచలం గారు రద్దు పత్రానికి ఇంకో కాగితం తీశారు. చంకలోంచి ఆశ్రిత అడ్డు చెప్పింది.

"ఉడుత రావాలిగా. ఇచ్చినోళ్లు రాకుండా రద్దు చెల్లదు."

"శభాష్!" అన్నారు శేషాచలం గారు, కలం మూసేస్తూ.

ఇద్దరు మనుషులు నిజంగానే వాగొడ్డు వేపచెట్టు దాకా వెళ్లి వచ్చారు. చెట్టు నిండా ఉడుతలే ఉన్నాయి, అందులో ఏదో తెలియలేదన్నారు.

"తండ్రి పేరు అడక్కపోయారా?" అంది ఆశ్రిత.

ఇది తెల్లారేదాకా తేలేలా లేదని కోటిరత్నం జనంలోంచి మెల్లగా ముందుకొచ్చింది. "పంతులుగారూ, ఒక్కమాట. సాక్షులు మైనర్లు కదండీ. చెల్లుతుందంటారా?"

శేషాచలం గారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కాగితాన్ని చూశారు. పదిహేడు బుల్లి వేలిముద్రల్నీ చూశారు. ముప్ఫై ఆరేళ్లలో ఆయన రాసిన ఒక్క దస్తావేజూ తిరిగిరాలేదు. "చెల్లదు," అని గొణిగి, లోపలికి వెళ్లి పడుకున్నారు. ఊరంతా హమ్మయ్య అనుకుంటూ ఇళ్లకి వెళ్లిపోయింది.

మూడు రోజులు ఆయన మంచం దిగలేదు. "ఉడుతకి నా మొహం ఎలా చూపించను?" అనేవారు. రాజరాజేశ్వరి గారు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటూ వెళ్లిపోయేవారు. మూడో రోజున మాత్రం ఆవిడకీ నవ్వు రాలేదు. మనిషి నిజంగానే చిక్కిపోయారు.

నాలుగో రోజు పొద్దున వరండాలో అలికిడి అయింది. పదిహేడు మంది పిల్లలు. వాళ్ల మధ్యలో, కొంగు పట్టుకుని లాక్కొచ్చిన అంగన్‌వాడీ ఆయా సైదాబీ.

"తాతయ్యా, సైదాబీ మేజరు," అంది ఆశ్రిత.

"పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చానండీ," అంది సైదాబీ. "యాభై ఎనిమిదేళ్లుంటాయి నాకు. సరిపోతాయా?"

శేషాచలం గారు లేచి కూర్చున్నారు. "వయసు సరిపోతుంది. దానపత్రానికి ఇద్దరుండాలి. ఇంకొకరు కావాలి."

ఆశ్రిత పరుగెత్తుకెళ్లి కల్లంలో కాయలు తిరగేస్తున్న తండ్రిని పట్టుకొచ్చింది. యలమందయ్య తువ్వాలుతో చేతులు దులుపుకుంటూ, తలొంచుకుని నిలబడ్డాడు.

"సంతకం పెడతానండీ. కానీ అసలేం జరిగిందో తెలవకుండా నేను సాక్షిగా పెట్టను. కథ మొత్తం చదవండి."

మొత్తం చదివారు. మధ్యలో రేగుపండు ఎందుకివ్వాల్సొచ్చిందో చెప్పే చోటు వచ్చినప్పుడు యలమందయ్య, "ఆకలి మీదున్న కాకి అండీ పాపం," అని అందరికీ వినపడేలా అన్నాడు. సంతకం పెట్టి, తారీఖు కూడా వేశాడు.

ఆ తర్వాత మేజరు సాక్షులు ఇద్దరు లేనిదే అంగన్‌వాడీలో కథ మొదలయ్యేది కాదు. పిల్లలు ఒప్పుకునేవారు కాదు. ఊళ్లోవాళ్లు వంతులు వేసుకున్నారు. పత్తి విత్తే రోజుల్లో కూడా ఇద్దరు మనుషులు గోడకి ఆనుకుని కూర్చునేవారు. సోమవారం సాక్షి మంగళవారం కూడా వచ్చి, తర్వాతేమైందని కిటికీలోంచి అడిగేవాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన సూపర్‌వైజరు కథలు చదివే వాలంటీర్లు ఎంతమందని అడిగితే, ఏం చెప్పాలో తెలియక కోటిరత్నం ఆవిడకి ఓ చాప వేసి, "మీరు మేజరే కదండీ, కూర్చోండి," అంది.

ఒక గురువారం యలమందయ్య వంతు వచ్చింది. కథలో తాబేలు వరదలో కొట్టుకుపోతోంది. శేషాచలం గారు దాని వారసుల వివరాలు నెమ్మదిగా చదువుతున్నారు. చేలో మందు కొట్టే కూలీలు యలమందయ్య కోసం ఎదురుచూస్తున్నారు. అతను రెండుసార్లు లేచాడు, రెండుసార్లు కూర్చున్నాడు.

"పంతులుగారూ, వారసుల సంగతి తర్వాత. ముందు తాబేలు బతికిందా లేదా, అది చెప్పండి!"

పదిహేడు తలలు వెనక్కి తిరిగాయి.

"కూర్చో నాన్నా," అంది ఆశ్రిత.

యలమందయ్య కూర్చున్నాడు.