గుడ్ ఫ్రైడే తెర మీద కామెడీ

కామెడీ సినిమా తీసినవాణ్ణి జనం తిట్టినా ఫరవాలేదు. బుద్ధిగా చేతులు కట్టుకుని చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఆ ఆదివారం సాయంత్రం దువ్వాడ స్టేషన్ అవతల చర్చి హాల్లో నాకు జరిగింది అదే.

సినిమా పదకొండు నిమిషాలు. తీసింది నేనే, గుణశేఖర్‌ని. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, సెలవు రోజుల్లో దర్శకత్వం. కెమెరా అంటే నా స్నేహితుడు గోపి ఫోను. కథ చిన్నది. ఒకావిడ స్టవ్ మీద కుక్కర్ పెట్టి పక్కింటికి కబుర్లకు పోయి, అక్కణ్ణుంచే విజిల్స్ లెక్కపెడుతుంది. పక్కింటి కుక్కర్ కూతలు కూడా తన లెక్కలో కలిపేసుకుంటుంది. అలా ఒకరి విజిల్స్ ఒకరు లెక్కేసుకుని, ఆ రోజు వీధి వీధంతా ఉడకని పప్పే తింటుంది.

ఆవిడగా వేసింది కేథరిన్. రుషికొండలో కాల్ సెంటర్ ఉద్యోగం, ఇరవై నాలుగేళ్లు. నడుముకి తాళాల గుత్తి దోపుకుని ఊగుతూ నడిచిందంటే యాభై ఏళ్ల మనిషే. ఇంకో తమాషా కూడా తనే కలిపింది: ఆ పాత్ర అబద్ధం చెప్పబోయే ప్రతిసారీ కొంగుతో మూతి తుడుచుకుంటుంది. ఎక్కడ నేర్చావంటే చెప్పలేదు. అది నాకు నచ్చేదాకా పద్నాలుగు టేకులు తీయించాను.

ఈ సినిమా మీద ఆ పిల్ల పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. వాళ్లమ్మ దీవెనమ్మకి యాక్టింగ్ అంటే పడదు. చివరికి ఒక మాట ఇచ్చింది: "మనోళ్లందరి ముందరా ఎయ్యండి. జనం నవ్వితే నీ ఇష్టం. నవ్వకపోతే ఈ ఏషాలు కట్టిపెట్టి ఉద్యోగం సేసుకో." అందుకే చర్చి హాలు. ఫాదర్ గారు హాలూ, ప్రొజెక్టరూ, తెరా ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిన దాని గురించి నేనింకేమీ అడగను. అదే నా తప్పు.

తెర మీద వెలుగు పడగానే ఆడవాళ్లంతా కొంగులు తలమీదికి లాక్కున్నారు. ముందు వరసలో జోజి తాత చేతులు జోడించాడు. పదకొండు నిమిషాలూ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కుక్కర్ ఎంత కూసినా ఒక్కరూ కిక్కురుమనలేదు. అయిపోయాక జోజి తాత మెల్లగా "ఆమెన్" అన్నాడు. పెద్దాయన కాబట్టి ఊరుకున్నాను.

కేథరిన్ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. దర్శకుణ్ణి కదా, ఏడవలేక గోపిని తిట్టాను.

దీవెనమ్మ లేచి మా దగ్గరికొచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుని, "నాకేటీ నవ్వు రాలేదు బాబూ," అంది.

నేను ఆ కొంగు వంకే చూస్తూ ఉండిపోయాను. పద్నాలుగుసార్లు చూసిన తుడుపు అది. కేథరిన్ ఎక్కడ నేర్చిందో అప్పుడు తెలిసింది. అంటే ఈవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. నవ్వు ఎందుకు ఆపుకున్నారు?"

ఆవిడ తెర వంక చూసి గొంతు తగ్గించింది. "పెతీ గుడ్ ఫ్రైడేకీ ఆ తెర మీదే పెబువు శ్రమల సినిమా సూత్తాం. దాని ముందర కూకుని ఎలాగ నవ్వుతాం బాబూ? పాపం కాదేటి?"

చిన్నప్పటినుంచీ ఆ తెర ముందు ఏడుస్తూ వచ్చిన కేథరిన్‌కి కూడా ఈ సంగతి తట్టలేదు. తెర అక్కడే వదిలేసి, ప్రొజెక్టర్ ఎత్తుకుని బయటికి పరిగెత్తాం. పుష్ప పునుగుల బండి వెనకాల సున్నం కొట్టిన గోడ ఉంది. దాని మీద మళ్లీ వేశాం.

మొదటి విజిల్‌కే జోజి తాతకి పునుగు గొంతుకి అడ్డం పడింది. రెండోసారి చూడటం కదా, ఎక్కడ నవ్వాలో అందరికీ ముందే తెలుసు. హాల్లో మింగేసిన నవ్వు కూడా కలిపి నవ్వారు. స్టేషన్లోంచి బొగ్గు గూడ్సు కూత వేసుకుంటూ పోతే, "ఆరు" అని లెక్కేశాడు ఎవడో. నాకు ఎంత ఆనందమయిందంటే, గోపికి క్షమాపణ చెప్పాను.

కొంగు సీను వచ్చింది. జనం గోడ వంక మానేసి దీవెనమ్మ వైపు తిరిగారు.

"ఇది నువ్వే కదే దీవెనమ్మా," అంది పుష్ప, గరిటె పట్టుకుని.

దీవెనమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. గోడ మీద తన చీర, తన తాళాల గుత్తి, తన నడక. చివరిదాకా కదలకుండా చూసింది. కేథరిన్ భయంభయంగా తల్లి పక్కకి చేరింది.

"అమ్మా, కోపమొచ్చిందేటి?"

దీవెనమ్మ కూతురి వంక చూసింది, మా వంక చూసింది. నిదానంగా కొంగు అందుకుని మూతి తుడుచుకుంది.

"శానా కోపమొచ్చింది. ఇంక యాక్టింగూ లేదు, ఏటీ లేదు. నడు ఇంటికి."

వీధంతా గొల్లున నవ్వింది. కేథరిన్ తల్లిని గట్టిగా వాటేసుకుంది.

"బావా, ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు గోపి కంగారుగా. వాడికి ఏదీ ఒక పట్టాన అర్థం కాదు.

"రెండో సినిమాకి డేట్లు అడుగు," అన్నాను. "ఇద్దరివీ."