మా గదికి నూటికి నూరు

మా వీధి బాగుపడిందో లేదో తేల్చడానికి మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళు ఒక అమ్మాయిని పంపిస్తున్నారని తెలియగానే కండక్టరు గారు మా అందరికీ పాఠాలు మొదలుపెట్టారు. బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. నలుగురు కనబడితే చాలు, "లోపలికి జరగండి" అనే అలవాటు ఇంకా పోలేదు.

"ఏమడిగినా బాగుందనే చెప్పండి. ఒక్కరు మూతి విరిచినా గది మూసేస్తారు," అన్నారు.

ఆ మాటకు నాకూ భయం పట్టుకుంది. వీధిని బాగుచేసే పథకం కింద కౌన్సిల్ వాళ్ళు రోడ్డేశారు, దీపాలు పెట్టారు, చివరనున్న పాత గోడౌనుకు సున్నం కొట్టి నలుగురూ కూర్చునే గదిగా మార్చారు. రోడ్డూ దీపాలూ ఎవరిక్కావాలి? నాక్కావలసింది గదే, అదీ మా తోడికోడలి కోసం. మా మరిది పోయాక తను మాట పడిపోయిన మనిషిలా అయిపోయింది. గొంతులో ఏ జబ్బూ లేదన్నాడు డాక్టరు. పక్క వాటాలోనే ఉంటాను కాబట్టి రోజూ వెళ్ళి గోడకు చెప్పుకున్నట్టు కబుర్లు చెప్పేదాన్ని. అసలే నాకు ఓపిక తక్కువ. "తిట్టనైనా తిట్టవే," అని ఒకసారి అరిచాను. దానికీ పలకలేదు.

గది తెరిచాక చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. మూలనున్న కుట్టుమిషను దగ్గర కూర్చుని, ఎవరెవరి పిల్లల చొక్కాలకో గుండీలు కుట్టేది. ఒక సాయంత్రం కండక్టరు గారు టీ అందిస్తే ఒక గుక్క తాగి, "ఇందులో పంచదార వేశారా, చూపించి తీసేశారా?" అంది.

గదంతా గొల్లుమంది. నేను మాత్రం కళ్ళు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాను. అప్పటినుంచి ఆయన టీకి రోజూ వంక పెట్టేది. ఆ దెప్పులు వినడానికే ఆయన కావాలని పంచదార తగ్గించేవారని నా అనుమానం. ఇంటికి రాగానే మళ్ళీ మౌనమే. మాటలన్నీ ఆ గదిలోనే వదిలేసి వచ్చేది.

కౌన్సిల్ అమ్మాయి మంచి పిల్ల. తొందరపెట్టకుండా ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. అందరం చిలకల్లా అప్పజెప్పాం. చివరికి మా తోడికోడలి వంతు వచ్చింది.

"ఇప్పటికీ ఒంటరిగా అనిపిస్తుందా అమ్మా?"

తను "ఇంటికెళ్తే..." అని మొదలుపెట్టింది.

వెనకనుంచి కండక్టరు గారు దగ్గారు. తను ఆయన వైపు చూసి, మాట మార్చుకుని, "బాగున్నానమ్మా. ఏ లోటూ లేదు," అంది. ఆ అమ్మాయి నవ్వుతూ రాసుకుంది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయే వచ్చి, మా వీధికి నూటికి నూరు మార్కులు వచ్చాయంది. ఒంటరితనం పోయింది, ఇక సాయం అక్కర్లేదు అని కౌన్సిల్ తేల్చిందట. గదికిచ్చే డబ్బు, ఇంకా అవస్థల్లో ఉన్న మరో పేటకిస్తారట. గోడౌను అద్దెకిస్తారట.

"బాగుంటే ఎవరైనా మూస్తారా?" అన్నారు కండక్టరు గారు.

"గది లేకపోతే కష్టమని ఒక్కరు చెప్పినా ఉంచమని రాసేదాన్నండీ. అందుకేగా అంతమందిని అడిగాను," అంది ఆ పిల్ల, తల దించుకుని.

ఆయన్ని చెడామడా తిడదామని తిరిగాను. టీ కెటిల్ కడుగుతున్నారు. కడిగిందే మళ్ళీ కడుగుతున్నారు. ఆయనదీ నా భయమే.

కుట్టుమిషను లారీ ఎక్కింది. తోడికోడలు మళ్ళీ తన ఇంట్లో కిటికీ పక్క కుర్చీలోకి చేరింది. కండక్టరు గారు రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చేవారు. ఒకరోజు పంచదార బొత్తిగా వేయకుండా తెచ్చి, ఎదురుగా కూర్చుని, తోడికోడలి మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. తను ఆ చేదంతా తాగి గ్లాసు కింద పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆయన మెట్లమీద కూర్చుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత కొత్త దీపాల ఫొటోలు తీసుకోవడానికి ఆ అమ్మాయి మా వీధికి వచ్చింది. కండక్టరు గారు బతిమాలి మా తోడికోడలి వాటాకు తీసుకొచ్చారు.

"ఇప్పుడడుగు తల్లీ. నేను దగ్గను. ఉన్నదున్నట్టు చెబుతుంది, రాసుకుని మీ కౌన్సిల్ వాళ్ళకు చూపించు."

ఆ పిల్ల నేలమీద కూర్చుని మా తోడికోడలి చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉన్నారమ్మా?" అంది.

తను ఆ అమ్మాయిని చూసింది. కండక్టరు గారి వైపూ ఒకసారి చూసింది. గది మూతపడ్డాక మొదటిసారి నోరు తెరిచి, "బాగున్నానమ్మా. ఏ లోటూ లేదు," అంది.